కుట్టుమిషను ముందు నాన్న

"ఇదేంటో చెప్పు నాన్నా," అని కూతురు మూడోసారి అడిగింది. ముసలాయన కుట్టుమిషను ముందు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. సరిగ్గా ఇలాంటి మిషనే తొక్కి తొక్కి ఇద్దరు పిల్లల్ని పెంచిన దర్జీ ఆయన. ఇప్పుడు దాన్ని ఎవరింటి సామానో అన్నట్టు చూస్తున్నాడు.

వెనక ఆమె అన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతనేమీ కసాయివాడు కాదు. నాన్న తలుపు తీసుకుని రోడ్డు మీదికి వెళ్లిపోతుంటే భయపడ్డాడు, అంతే. వృద్ధాశ్రమంలో గది మాట్లాడి పెట్టాడు, రేపు పొద్దున దింపి రావాలి. చెల్లెలు ససేమిరా అంది. గుమ్మానికి అడ్డంగా పడుకునైనా సరే నాన్నని తనే చూసుకుంటానంది. ఈ వేసవి సెలవుల్లో చరిత్ర మ్యూజియం వాళ్లు ఆదివారాలు కుటుంబాల కోసమని పాతసామాన్ల గది తెరిచి పెడుతున్నారు. అక్కడికి తీసుకెళ్తే నాన్నకి అన్నీ గుర్తొస్తున్నాయని, పోయిన వారం లాంతరు మొదలుకొని తక్కెడ దాకా గడగడా చెప్పాడని వాదించింది. చివరికి అన్న ఒక మాట మీదికి వచ్చాడు. నా కళ్లముందు చెబితే నీ దగ్గరే ఉంచుకో, చెప్పకపోతే మళ్లీ నోరెత్తకు అన్నాడు.

గది నిండా పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ. ఈ వారం మ్యూజియం వాళ్లు కొత్త ఆట పెట్టారు. సామాన్ల పక్కన ఉండే వివరాల కార్డుల మీద రంగు కాగితాలు అంటించేశారు. ఏది ఏమిటో చూసినవాళ్లే ఊహించి చెప్పాలి. ఒక పిల్ల బొగ్గుల ఇస్త్రీపెట్టెని చూసి పడవ అంది. చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. కూతురికి మాత్రం ఆ నవ్వులు ఒంటికి కారం రాసినట్టున్నాయి.

"పోయిన వారం దీని గురించి ఎంత చెప్పావు నాన్నా. చక్రం ఎలా తిరుగుతుందో కూడా చెప్పావు."

ముసలాయన కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు. మిషనుని వదిలేసి, పక్కనున్న రంగు కాగితం అంచుని గోటితో గీకాడు. ఆట ఆడిస్తున్న మ్యూజియం ఆవిడ చూసి, ఇప్పుడే తీసేస్తే పిల్లల ఆట పాడవుతుంది బాబాయిగారూ అని మెత్తగా వారించింది. ఆయన తప్పుచేసిన పిల్లాడిలా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కూతురికి సిగ్గుతో, దుఃఖంతో తల దించుకోవాలనిపించింది.

ఆమె కళ్లలో నీళ్లు చూసి ముసలాయన కంగారుపడ్డాడు. "చెబుతానమ్మా, చెబుతాను. కాస్త ఉండు," అన్నాడు. చెప్పింది మాత్రం ఏమీ లేదు.

"ఇక పోదాం పద. ఆయన్ని ఎందుకు పీడిస్తావు?" అన్నాడు అన్న. ఆ గొంతులో గెలిచిన సంతోషమేమీ లేదు. ఉండి ఉంటే కనీసం పోట్లాడేది. ఇప్పుడు పోట్లాడే ఓపిక కూడా లేకపోయింది ఆమెకి.

అంతలో ఆట అయిపోయింది. మ్యూజియం ఆవిడ, ఇక జవాబులు సరిచూసుకోండి అంటూ, ఒక్కో కాగితం లాగేసుకుంటూ వచ్చింది. కుట్టుమిషను దగ్గరిదీ తీసేసి ముందుకు వెళ్లిపోయింది. కూతురు నాన్న చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు తిరిగింది. ఆయన కదల్లేదు.

"ఇది కాలితో తొక్కే కుట్టుమిషను," అన్నాడు. గొంతు ఖంగుమంది. "కరెంటు రాని రోజుల్లో దర్జీలు దీనిమీదే కుట్టేవారు. కింద పెడల్ తొక్కితే తోలుపట్టీ పై చక్రాన్ని తిప్పుతుంది. స్కూలు బట్టల నుంచి పెళ్లిబట్టల దాకా ఊరందరివీ దీనిమీదే తయారయ్యేవి."

కూతురికి ప్రాణం లేచొచ్చింది. అన్న నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ముసలాయన అక్కడితో ఆగలేదు. ఇస్త్రీపెట్టె గురించి చెప్పాడు, లాంతరు గురించి చెప్పాడు. ఎక్కడా తడబాటన్నది లేదు.

"దర్జీలు కుట్టేవారట. తనెవరో పరాయివాడైనట్టు," అంటూ అన్న నవ్వాడు.

"నాన్న ఎప్పుడూ అంతే కదా. తన గొప్ప తను చెప్పుకుంటాడా?" అంది చెల్లెలు.

అన్న జేబులోంచి ఫోన్ తీశాడు. అక్కడే నిలబడి ఆశ్రమం వాళ్లకి ఫోన్ చేసి, గది అక్కర్లేదని చెప్పేశాడు. తొందరపడ్డానని చెల్లెలి దగ్గర ఒప్పుకుని, ఆమె తల నిమిరి, కారు తేవడానికి వెళ్లాడు. నాన్న అలిసిపోయి ఉంటాడని ఆమె మంచినీళ్ల కోసం గది చివరికి నడిచింది. గ్లాసు నింపుకుంది. ఎన్నాళ్లనుంచో నెత్తిన మోస్తున్న బరువు దిగినట్టుంది. ఈ రాత్రికి కంటినిండా నిద్రపోవచ్చనుకుంది.

తిరిగొచ్చేసరికి నాన్న ఆ మ్యూజియం ఆవిడని ఆపి, గొంతు తగ్గించి ఏదో బతిమాలుతున్నాడు. మాటిమాటికీ కూతురివైపే చూపిస్తున్నాడు. తన గురించి ఏం గొప్పలు చెబుతున్నాడో అనుకుంటూ ఆమె నవ్వుతూ దగ్గరికి వచ్చింది.

"అమ్మా, అదుగో నీళ్లు పట్టుకొస్తోందే, ఆవిడ కార్డు మీది కాగితం కూడా తీసెయ్యవా? ఎవరో చదివి చెప్పేస్తాను. చెప్పకపోతే పాపం ఏడుస్తుంది."