ముగ్గురిలో పెద్ద

ఆదివారం ఆరాధన మధ్యలో కనక లేచి నిలబడింది. ఆ కొండ ఊరి చర్చిలో ఆడవాళ్ల వైపు నుంచి అలా ఎవరూ ఎన్నడూ లేవలేదు.

“అయ్యగారూ, ఆ మాట తప్పు.”

పాస్టరు వరహాలరావు ఆగిపోయాడు. సాలూరు నుంచి వచ్చి చాలా ఏళ్లుగా ఆ ఊళ్లోనే ఉంటున్నాడు. ఆయన ప్రసంగిస్తుంటే దగ్గు వచ్చినా ఆపుకునే జనం వాళ్లు.

“ఏ మాటమ్మా?”

“తండ్రి ఆజ్ఞాపించినాడు, కుమారుడు మారుమాట లేకుండా తలొంచినాడు, ఊరు కూడా పెద్దకి అలాగే తలొంచాలన్నారు గదా. ఆ మాట.”

అందరి తలలూ మగవాళ్ల ముందు వరసకు తిరిగాయి. అక్కడ కనక భర్త ధనుంజయ్ కూర్చుని ఉన్నాడు. ఊరంతా ప్రెసిడెంటుగారని పిలిచే మనిషి. ఊరి వెనక కొండను నల్లరాయి క్వారీకి ఇప్పిస్తానని కంపెనీవాళ్లకు మాటిచ్చాడు. శుక్రవారమే గ్రామసభ. పని జరిగితే చర్చికి స్లాబు పోయిస్తామని వాళ్లు పాస్టరుకు చెప్పారు. ఊరి కాఫీ తోటలన్నీ ఆ కొండ మీదే. ఊరు తాగే ఊట కూడా అక్కడిదే.

“తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ సమానమని మీరే గదా నేర్పినారు?” అంది కనక. “ఒకరిని కాదని ఒకరు ఏటీ సెయ్యరని సండే స్కూల్లో పిల్లలకి నాను సెప్తన్నాను. ముగ్గురిలో పెద్ద ఎవులని అడిగితే ‘ఎవులూ కాదు’ అని అరుస్తారు ఆ పిల్లలు. మరి ఇక్కడ ఒక్కడే తేల్చీసి మిగిలినోళ్లని తలొంచమంటే, అది ఏ దేవుడి పద్ధతి?”

“సమానమే. అయినా కుమారుడు లోబడ్డాడు. సిలువకు ముందు తోటలో ప్రార్థిస్తూ, నీ ఇష్టప్రకారమే కానిమ్మన్నాడు.”

“దానికి ముందు ఏటన్నాడు? ఈ బాధల గిన్నె నాకొద్దు, తీసీమని అడిగినాడు. కుమారుడే అడిగినప్పుడు మేం అడక్కూడదా?”

మగవాళ్ల వెనక వరసలో ఎవరో ఆమేన్ అనబోయి గొంతు సవరించుకున్నారు.

వరహాలరావు ముఖం కందిపోయింది. “అధికారం దేవుడు పెట్టింది. దానికి ఎదురు తిరిగితే దేవుడికి ఎదురు తిరిగినట్టే. కూర్చో!”

“అధికారానికా?” కనక ఆయన వంక వింతగా చూసింది. “సరే అయ్యగారూ. ఆ మాట మీదే ఉండండి.”

కూర్చోలేదు. బయటికి నడిచింది.

సాయంత్రానికల్లా ఆమెను సండే స్కూలు నుంచి తీసేశారు. మర్నాడు ఊట దగ్గర ఆడవాళ్లు తమ బిందెలను పక్కకు జరుపుకున్నారు. ఇంటికొస్తే అత్త ఎదురుపడి ఉమ్మేసింది. “మొగుడి పరువు సర్చిలో పారేసొచ్చిన గుంటవి. నీ సేతి కూడు తినను,” అంది.

ధనుంజయ్ కూడా అంబలి గిన్నె తోసేశాడు.

“నోరు లేసిందేటే నీకు? కొండ నీదా?”

“నాది కాదు.”

“మరింకేటి?”

“నీదీ కాదు. అందుకే ఇయ్యలేం.”

అతను చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. శుక్రవారం దాకా ఆమె ముఖం మీద దెబ్బ కనబడకూడదు. చెయ్యి దించి, పళ్లు కొరికాడు.

“సభకి మంచి సీర కట్టుకుని రా. నా పక్కన కూకో. నాను సెప్పింది సెయ్యి. మిగతాదంతా నాను సూసుకుంటాను.”

“ఇన్నాళ్లూ అదే గదా సేసినాను,” అంది కనక.

శుక్రవారం బడి ముందు టెంటు వేశారు. అరకు నుంచి రెండు జీపులు వచ్చాయి. ఒకదాంట్లో అధికారి, ఇంకోదాంట్లో కంపెనీవాళ్లు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో వరహాలరావు ప్రార్థన చేశాడు. ధనుంజయ్ మైకు తీసుకుని క్వారీ వస్తే ఊరు ఎలా మారిపోతుందో చెప్పాడు. జనం నేల చూపులు చూస్తూ కూర్చున్నారు.

“ఊరంతా ఒప్పుకున్నట్టే సార్,” అన్నాడు అధికారితో. “సంతకం ఒక్కటే మిగిలింది. బేగి కానిచ్చీండి.”

కనక లేచింది. “ఎవులు ఒప్పుకున్నారు?”

ఆమె జనం వైపు తిరిగింది.

“కొండ ఇచ్చీమనేవోళ్లు లెగండి.”

ధనుంజయ్ తమ్ముళ్లిద్దరూ లేచారు. వరహాలరావు సగం లేచి, చుట్టూ చూసి, మళ్లీ కూర్చున్నాడు. ఇంకెవరూ కదల్లేదు.

చర్చి గడప ఎన్నడూ తొక్కని సోంబరు, ఏటా ఆ కొండకు కోడిని కోసి మొక్కే ముసలాయన, కూర్చున్న చోటి నుంచే అన్నాడు. “మమ్మల్ని ఎవులూ అడగనేదు బాబూ. ఇప్పుడే అడిగినారు. నాను ఇయ్యను.”

“మేమూ ఇయ్యం,” అంది వెనకనుంచి ఒక ఆడగొంతు. ఆ వెంటనే ఇంకొకటి. ఆ తర్వాత ఏ గొంతు ఎవరిదో తెలియలేదు.

ధనుంజయ్ మైకు కింద పడేసి భార్య రెక్క పట్టుకున్నాడు.

“నువ్వెవత్తివే అడగడానికి? కూకో!”

“ఊరు ఒప్పుకోనేదు, నాను సంతకం పెట్టను సారూ,” అంది కనక, రెండేళ్ల కిందట మహిళా రిజర్వేషన్‌లో ఆ ఊరి సర్పంచిగా గెలిచిన నాటి నుంచి భర్త వేలు చూపించిన చోటల్లా సంతకం పెడుతూ వచ్చిన కనక.