చెప్పింది చెప్పినట్టు

తప్పని తెలిసి తప్పు రాయడం కూడా తప్పేనేమో. రాస్తున్న పిల్ల పెన్ను కాగితం మీద ఆగిపోయింది. “రక్తాన్ని వడకట్టేవి ఊపిరితిత్తులు” అని చెప్పి, అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పదో తరగతి అక్కకు చూపు లేదు. పరీక్షలో ఆమె జవాబులు చెబుతుంటే, కింది తరగతి పిల్ల ఎవరైనా రాసిపెట్టాలి. ఇవాళ తొమ్మిదో తరగతి నుంచి ఈ పిల్లను పిలిచారు. చేతిరాత చూసి బళ్లో అందరూ ఆమెను ముత్యం అంటారు.

“ఊపిరితిత్తులా అక్కా?”

“అవును. ఏం, రాయడం రాదా? ఊ, పి, రి...”

“వచ్చులే అక్కా!”

మూత్రపిండాలని ముత్యానికి తెలుసు. అక్క పోయినేడు పరీక్ష తప్పిందని కూడా తెలుసు. ఈ పరీక్షలో మార్కులు తగ్గితే పెద్ద పరీక్షకు పంపరట, ఇక ఇంట్లోనే కూర్చోమంటారట. పొద్దున బయల్దేరుతుంటే అమ్మ ఒకటే మాట చెప్పింది: “పాపం, ఆ పిల్లకి చేతనైనంత సాయం చెయ్యి.”

ఒక్క మాట మారిస్తే ఎవరికి తెలుస్తుంది? సైన్సు టీచరు కిటికీ దగ్గరుంది. అక్కకు ఎలాగూ కనపడదు. ఆ ఆలోచన రాగానే, నిద్రపోతున్న మనిషి జేబులో చెయ్యి పెట్టినట్టు అనిపించింది. అయినా చెయ్యి దానంతటదే ‘మూ’ అని రాసేసింది. ఫలితాల రోజు కళ్ల ముందు మెదిలింది. అక్క పాసయింది, అంతా నీ చలవేనంటోంది. ఆ బొమ్మలో నడిమధ్య నిలబడి ఉన్నది అక్క కాదు, తనే.

“పెన్ను ఆగిందేం? అయిపోయింది సిరానా, ధైర్యమా?”

“ఏం లేదక్కా.”

ముత్యం ‘మూ’ కొట్టేసి, ఊపిరితిత్తులు అని రాసింది. అక్షరాలు వంకరపోయాయి.

గంట కొట్టారు. టీచరు కాగితం తీసుకుని పైకి చదువుతూ ఆ జవాబు దగ్గర ఆగింది.

“ఇక్కడ కొట్టేశావేం?”

“అక్క చెప్పింది అది కాదు టీచర్.”

“సరైన జవాబు నీకు తెలుసా?”

“తెలుసు. అక్కకి మార్కులు పోతే నా వల్లే పోయినట్టు.”

అక్క నవ్వింది. “పోయినేడు నేను తప్పలేదే పిల్లా. రాసిపెట్టినమ్మాయి జాలిపడి తన జవాబులు రాసింది. నా పేపరు రద్దు చేశారు.” చెయ్యి చాచి ముత్యం మణికట్టు వెతికి పట్టుకుంది. “నిన్న రాయడానికొచ్చిన ముగ్గురికి ఊపిరితిత్తులనే చెప్పాను. ముగ్గురూ మూత్రపిండాలని రాశారు.”

“మరి నీ పరీక్ష అక్కా?”

“నాది వచ్చే నెల.”

పక్కనుంచి టీచరు అంది, “ఇవాళ్టిది నీకే పెట్టాం.”