ఎడమ అర

రెండు అరల ఎయిర్ ఫ్రయర్ కొన్నాను. ఎలా వేపుతుందో చూసి మార్కులు వేద్దామని నాతో ఆఫీసులో పనిచేసే నర్గీస్‌ని పిలిచాను. వన్‌టౌన్ నుంచి డబ్బాతో వచ్చింది. అందులో ఎర్రగా మసాలా పట్టించిన గుండ్రటి ముక్కలు.

మా ఇంట్లో చేపలు వండరు. "నీవి ఎడమ అరలో వెయ్యి" అని, నా కాలీఫ్లవర్ కుడి అరలో వేశాను.

రెండూ ఒకేసారి వేగాయి. నర్గీస్ ఒక ముక్క నా నోటి దగ్గర పెట్టింది.

"తినవే. తినకుండా మార్కులెలాగేత్తావు?"

"పన్ను నొప్పి," అన్నాను.

ఆమె వెళ్లగానే ఎడమ అరను నిమ్మచెక్కతో మూడుసార్లు తోమాను. తర్వాత నోట్‌బుక్కులో రాశాను: "ఎడమ అర. ఎంత తోమినా చేప వాసన పోవడం లేదు. అయిదుకి రెండు."

"గొడుగు మరిసిపోనాను," అంటూ నర్గీస్ తిరిగొచ్చింది. నా భుజం మీదుగా చదివేసింది.

"అవి అరటికాయలే," అంది నెమ్మదిగా. "నువ్వు సేపలు తినవని మా అమ్మ కొత్త గిన్నె కొని మరీ మసాలా కలిపింది."

నేను నోట్‌బుక్కు మూసేశాను. గొడుగు తీసుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"డబ్బాలో నాలుగు ముక్కలున్నాయి. పన్ను నొప్పి తగ్గాక తిను."