చల్లారిన జావ

"తాగుతావా, సింకులో పారబోయమంటావా?"

చెల్లెలు సీసా మూత తీసి సింకు మీదికి వంచింది. అక్క గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"రాక్షసీ! ఇలా తే, తాగుతాలే."

"నా ఎదురుగా తాగు."

"నువ్వలా గుడ్లప్పగించి చూస్తుంటే కక్కొస్తుంది. అవతలికి పో."

రోజూ పొద్దున్నే ఇదే తంతు. చెల్లెలు ముందుగదిలోకి వెళ్ళి కూర్చునేది. వంటింట్లోంచి అక్క గుటక వేసిన చప్పుడూ, "ఛీ, ఉప్పు కషాయం!" అన్న మాటా వినబడేవి. ఇంకాసేపటికి అక్క ఒక చేత్తో ఖాళీ సీసా, ఇంకో చేత్తో జావగిన్నె పట్టుకుని వచ్చేది.

అక్కాచెల్లెళ్ళిద్దరికీ పేగుల్లో పుళ్ళే. నాన్న ఇద్దరికీ సమానంగా పంచిపెట్టి పోయిన ఆస్తి ఇదొక్కటేనని అక్క నవ్వేది. నెత్తురు పడటం, కడుపు పట్టుకుని మెలికలు తిరగటం, ఎక్కడికి వెళ్ళినా ముందు మరుగుదొడ్డి ఎటుందో చూసుకోవటం ఆ ఇంట్లో మామూలైపోయాయి. చెల్లెలి ఉద్యోగాన్ని ఆ జబ్బే మింగేసింది. అక్క మాత్రం స్కూలు బ్యాగులు కుట్టే కార్ఖానాలో, మరుగుదొడ్డి తలుపు పక్కనే మిషను వేయించుకుని, నెత్తురు మరకలు కనబడకుండా నల్లబట్టలు వేసుకుని ఎలాగో నెట్టుకొస్తోంది.

ఆసుపత్రిలో కొత్త మందేదో పరీక్షిస్తున్నారని తెలిసి ఇద్దరూ వెళ్ళారు. వయసు దాటిందని అక్కను వద్దన్నారు. చెల్లెల్ని తీసుకున్నారు.

"అందరి పేగుల్లోనూ వైరస్‌లుంటాయి. మీలాంటి వాళ్ళలో అవి తారుమారవుతాయి," అని నర్సమ్మ చల్లటి సీసాలు ఇస్తూ చెప్పింది. "ఇందులోవి వేరే రకం. పుళ్ళని రెచ్చగొట్టే బ్యాక్టీరియాని వెతికి చంపుతాయి. వేడి తగిలితే మటుకు ఇవే చచ్చిపోతాయి, జాగ్రత్త. ఇంకో మాట. మలం పరీక్ష చేస్తాం. ఈ వైరస్ బయట ఎక్కడా దొరకదు, తాగినవాళ్ళలోనే కనబడుతుంది. ఎగ్గొడితే తెలిసిపోతుంది."

"మన చుట్టాల్లోనే మంచివాళ్ళు దొరకలేదు, వైరసుల్లో దొరికారటే!" అంది అక్క, తిరిగొచ్చే దారిలో.

చెల్లెలు నవ్వలేదు. అప్పటికే ఆమె నిర్ణయం అయిపోయింది. తను మంచాన పడితే అక్క ఉంది. అక్క పడితే ఎవరున్నారు? అమ్మ పోయినప్పటి నుంచి జడలు వేసి, అన్నం కలిపి పెట్టి పెంచిన మనిషి. మందు అక్కకే దక్కాలి.

అక్క మొదట ససేమిరా అంది. ఒక సీసా నిజంగానే సింకులో పోసి చూపించాక గానీ దారికి రాలేదు.

"సరే, నీ మాటే కానీ. అయితే మందు మానేసిన దానివి, నేను కాచిన జావైనా తాగాలి. బేరం ఒప్పుకుంటావా?"

ఒప్పుకుంది.

"ఇంత చల్లారిపోయిందేంటక్కా? ఉప్పు కూడా దిమ్మరించావు."

"వేడివేడిగా పోస్తే నీ పేగులు ఊరుకుంటాయా? వంకలు పెట్టక కానియ్."

గిన్నె అడుగు కనబడే దాకా అక్క అక్కణ్ణుంచి కదిలేది కాదు.

కొన్నాళ్ళకు అక్క హుషారుగా ఇంటికొచ్చింది. "మిషను కిటికీ పక్కకి మార్పించుకున్నానే! ఇక ఆ తలుపుతో నాకు పని లేదు."

చెల్లెలు అక్కని వాటేసుకుంది. "మరి ఇంకా ఆ నల్లబట్టలెందుకు? తీసి పారెయ్."

"మిషను నూనె మరకలు నువ్వు ఉతుకుతావా?"

చెల్లెలి ఒళ్ళు మాత్రం రోజురోజుకీ తీసికట్టయింది. బట్టలు వదులయ్యాయి. మెట్లెక్కితే కళ్ళు తిరిగేవి. అయినా ఆమెకున్న భయం ఒక్కటే. తను మందు తాగటం లేదని పరీక్షలో బయటపడితే సీసాలు ఆగిపోతాయి. ఇప్పుడిప్పుడే కోలుకుంటున్న అక్క మళ్ళీ మొదటికొస్తుంది.

ఆ పరీక్షల ఫలితం చెప్పే రోజు రానే వచ్చింది. ఆసుపత్రి వరండాలో కుర్చీలన్నీ ఖాళీగానే ఉన్నా అక్క వెళ్ళి మరుగుదొడ్డి పక్కదాంట్లో కూర్చుంది. "అలవాటు చావలేదే," అని నవ్వింది. చెల్లెలు ఒక్కతే లోపలికి వెళ్ళింది.

డాక్టరమ్మ చాలాసేపు కాగితాలు తిరగేసింది.

"కెమెరాతో చూశాం. పుళ్ళు పేగంతా పాకాయి. పెద్దపేగు తీసేయక తప్పదమ్మా. ఆ తర్వాత పొట్ట మీద సంచి పెట్టుకునే బతకాలి."

చెల్లెలు తలూపింది. మందు తాగని దానికి ఇంకేమవుతుంది?

"మరి సీసాల సంగతి?"

"ఆపేస్తున్నాం."

"ఆపకండి డాక్టరమ్మా! మీకు దణ్ణం పెడతాను."

"నీకు పనిచెయ్యని మందు నీకెందుకమ్మా?"

ఇక దాచి లాభం లేదనిపించింది. దాస్తే అక్క నోటి దగ్గరిది పోతుంది.

"నేను తాగలేదండీ. ఒక్క చుక్క కూడా తాగలేదు. అన్నీ మా అక్కకే ఇచ్చాను. తనకీ ఇదే జబ్బు. నన్ను తిట్టండి, కొట్టండి, కానీ మందు పనిచేస్తోంది డాక్టరమ్మా! మా అక్కకి నయమైపోయింది. బయటే ఉంది, పిలుస్తాను, మీరే చూడండి."

చెల్లెలు లేచి తలుపు తీసింది. కుర్చీలో అక్క చేతిసంచి ఒక్కటే ఉంది. పక్కన మరుగుదొడ్డి తలుపు మూసి ఉంది. మంచినీళ్ళకు వెళ్ళి ఉంటుందనుకుంది.

"వచ్చేస్తుందండీ, ఇప్పుడే..."

డాక్టరమ్మ చేతిలో కాగితాన్ని ఇంకోసారి చదువుకుంది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ వైరస్ నీ కడుపు నిండా ఉందమ్మా."