ఒక మార్కు ఎక్కువ

రేపు ఎంట్రన్స్ పరీక్ష. రంజిత్ మంచం దిగడం లేదు.

"నేను రాయనమ్మా," అన్నాడు గోడవైపు తిరిగి.

"ఏందిరా గట్లంటవ్? రెండేండ్లు దిల్‌సుఖ్‌నగర్‌ల కోచింగ్ ఇప్పిచ్చింది ఎందుకు?"

"రాస్తే తక్కువొస్తయి. రాయకుంటే తక్కువ రావు కదా."

స్వరూపరాణి మంచం అంచున కూర్చుంది. లెక్కలో ఒక్క కొట్టివేత పడితే చాలు, కాగితం మొత్తం చింపి మళ్ళీ మొదలుపెట్టే పిల్లవాడు వాడు. అది చూసి మురిసిపోయింది కూడా తనే. ఇప్పుడు వాడికి పెన్ను పట్టుకోవాలంటేనే భయం.

వీణ్ణి లేపగలిగేది ఒక్కడే అనిపించింది ఆమెకు. కార్తీక్.

కార్తీక్ తల్లి సూర్యప్రభ, ఎల్బీనగర్ ఆఫీసులో స్వరూపరాణి పక్క సీటు. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చింది. ఆ ఆఫీసులో మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిస్తే ఆడవాళ్ళకు పిల్లల మార్కులు తప్ప వేరే మాటే ఉండదు. కొత్తలో తల వంచుకుని తిని లేచిపోయే సూర్యప్రభ, కొన్నాళ్ళకు నోరు విప్పింది. విప్పాక ఆమె ముందు ఎవరూ నిలవలేదు.

"మీ వాడికెన్ని వచ్చాయండీ?" అని ముందు అడిగేది. విన్నాక మెల్లగా, "మా కార్తీక్‌కి ఒక మార్కు ఎక్కువండీ," అనేది.

ఆ పిల్లవాడు ఫోన్ ముట్టుకోడట. ఎదురు చెప్పడట. జ్వరమని ఒక్క క్లాసూ మానలేదట. ఆ కబుర్లన్నీ స్వరూపరాణి కొత్తపేట ఇంటికి మోసుకొచ్చి, అన్నంతో పాటు కొడుక్కి వడ్డించేది. తొంభై ఆరు వచ్చిన రోజు రంజిత్ స్వీటు డబ్బా తెచ్చాడు. ఆమె మూత కూడా తీయలేదు. "కార్తీక్‌కు తొంభై ఏడంట," అంది.

ఇప్పుడా డబ్బా పదే పదే గుర్తొస్తోంది.

తప్పులొచ్చినా ఫర్వాలేదని తను ఎంత చెప్పినా వీడు నమ్మడు. ఆ కార్తీకే వచ్చి, తప్పులు నాకూ వస్తాయని ఒక్క మాటంటే లేచి కూర్చుంటాడు. సూర్యప్రభకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆఫీసు అటెండర్‌ను అడిగి ఇల్లు కనుక్కుని, ఆటో ఎక్కి చంపాపేట వెళ్ళింది.

ఒక పెద్దమనిషి తలుపు తీశాడు.

"సూర్యప్రభ మేడం ఇల్లు ఇదేనా అన్నా? ఆఫీసుల నాది ఆమె పక్క సీటే."

"ఇదేనమ్మా. నేను ఆవిడ భర్తని. బజారుకెళ్ళింది, వచ్చేస్తుంది. కూర్చోండి."

"మేడం కోసం కాదన్నా. కార్తీక్‌ను జర మా ఇంటికి పంపుతరా? మా పిలగాడు రేపు పరీక్ష రాయనంటున్నడు. నా మాట ఇంటలేడు. కార్తీక్ చెప్తే ఇంటడు."

ఆయన చేయి తలుపు మీదే ఉండిపోయింది.

"కార్తీక్ ఎవరు?" అన్నాడు. "మాకు పిల్లలు లేరమ్మా."