బండి ఎవుడిది?

"ఒగ్గీ! ఆ బండి మీద సెయ్యెయ్యొద్దన్నానా నేదా?" పోలయ్య కూతురి చేతిలోంచి ఎమరీ కాగితం లాక్కున్నాడు.

ఈ హిందీ ఊళ్ళోనే పుట్టి పెరిగిన రజని ఊరుకునే రకం కాదు. ఇంకో ముక్క చింపి వెనక మడ్‌గార్డు మీద తుప్పు బరబరా రుద్దడం మొదలెట్టింది. మధ్యాహ్నం మూడింటికి సోనారి మైదానంలో పాత బండ్ల ప్రదర్శన. ముప్పై అయిదేళ్ళుగా మెట్ల కింద పడున్న యెజ్డీ మోటారుసైకిలు ఇది. వారం రోజులుగా డ్యూటీ దిగి రాగానే దాని మీదే పడింది. హ్యాండిల్ మెరుస్తోంది. ట్యాంకు మీద పాత ఎర్రరంగు తేలింది. ఇంక మిగిలింది ఆ మడ్‌గార్డూ, ఈ మొండి ముసలాయనా.

"చీఫ్ గెస్టు ఎవరో తెలుసా నానా? మీ బోల్టుల ఫ్యాక్టరీ పాత మేనేజరు. సమ్మెలో నిన్ను గేటు బయటికి గెంటినోడు. వాడు కుర్చీలో కూర్చుని చూస్తుండగా నువ్వు ఈ బండి మీద వెళ్ళాలి. బస్."

"నాను రాను."

"క్యోఁ?"

"టైరు బాగోనేదు."

"మొన్ననే కొత్తది వేయించాను."

"నడుం నొప్పి."

"పొద్దున్న రెండు బిందెలు మోసినప్పుడు లేదా నొప్పి?"

పోలయ్య వాకిట్లోంచి వీధిలోకి వెళ్ళాడు. వీధిలోంచి మళ్ళీ వాకిట్లోకొచ్చాడు. బీడీ ముట్టించాడు. ఒక్క దమ్మయినా లాగకుండా పారేశాడు. వంగి బండిని అటూ ఇటూ చూశాడు.

"దీనికసలు కిక్కు రాడ్డే నేదు. ఎవుడో ఎత్తుకుపోనాడు."

"మెకానిక్ ఆదిబాబు నా ముందే ఇంజను ఆడించాడు. ఏం, నోటితో ఊది స్టార్ట్ చేశాడా?" అంది రజని. ఎలా ఆడించాడో ఆమె మాత్రం ఏం చూసింది గనక? బటన్ నొక్కే స్కూటీ తప్ప వేరే బండి ఎరగదు.

లోపల్నుంచి చిలకమ్మ కేకేసింది. "పెట్రోల్లో మొబిల్ నూని కలిపించినావేటే? ఒట్టి పెట్రోలు పోత్తే ఇంజను పట్టేత్తాది!"

"కలిపించాన్లేమ్మా! నువ్వూ మెకానిక్కువైపోయావా?"

ఈ బండి కథ గోవింద్‌పూర్‌లో తెలుగువాళ్ళ వీధి వీధంతా ఎరుగు. సమ్మె రోజుల్లో పోలయ్య, షిఫ్టు మారే వేళకి, మొహానికి తువ్వాలు చుట్టుకుని ఎర్ర యెజ్డీ మీద దూసుకొచ్చేవాడట. గేటు ముందు కరపత్రాలు వెదజల్లి, పోలీసు జీపుకి అందకుండా మాయమైపోయేవాడట. చివరికి బండి ఆనవాలు పట్టి ఇంటికొచ్చి పోలయ్యని లాక్కుపోయారు. రెండు నెలలు జైలు. ఉద్యోగం ఊడింది. పోలయ్య ఈ కథ ఎన్నడూ చెప్పలేదు. చెప్పేవాళ్ళ నోరూ మూయలేదు.

మూడింటికి టెంపో మీద బండిని మైదానంలో దించారు. పోలయ్యని కూడా దాదాపు అలాగే దించారు.

షామియానా కింద బండ్లన్నీ పెళ్ళికొడుకుల్లా నిలబడి ఉన్నాయి. దొరగారి బండి తుప్పు పడితే వింటేజీ. కూలోడి బండి తుప్పు పడితే పాత ఇనుము. అయినా రజని యెజ్డీ చుట్టూ జనం మూగారు. రూలు ఒక్కటే: ఇంటివాళ్ళే బండి స్టార్ట్ చేసి, చీఫ్ గెస్టు ముందు నుంచి ఒక చుట్టు తిరిగి రావాలి.

"నంబర్ సత్రా! పోలయ్య జీ!" మైకులో పదిహేడో నంబరు పిలిచారు.

పోలయ్య బండెక్కాడు. కుడికాలు కింద తడిమాడు. ఏమీ తగల్లేదు. ఎడమకాలు తడిమాడు. గేరు రాడ్డు తగిలింది. దాన్ని తన్నాడు. బండి కిక్కురుమనలేదు.

"చాచా, ధక్కా దూఁ క్యా?" బండి తొయ్యనా అంటూ ఎవడో అరిచాడు. నవ్వులు.

మేనేజరు మైకు అందుకున్నాడు. ఆయనా తెలుగువాడే. తెలుగువాడైతే మాత్రం ఏం ఒరిగింది? "ఏం పోలయ్యా! జీపులకే దొరకని మొనగాడివి కదా! బండి స్టార్ట్ చెయ్యడం కూడా రాదే?"

రజనికి తల తీసేసినట్టయింది. "క్యా కర్ రహే హో నానా? కొట్టు! కిక్కు కొట్టు!"

పోలయ్య కూతురి వంక చూడలేదు. మేనేజరు వంకా చూడలేదు. చెమటలు కారుతున్న మొహంతో షామియానా మూల కూర్చున్న చిలకమ్మ వంక చూశాడు.

చిలకమ్మ లేచింది. ఒళ్ళోని టిఫిన్ సంచీ తెచ్చి రజని చేతికిచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి బిగించి దోపింది.

"దిగు."

పోలయ్య దిగాడు. ఆమె ఎక్కింది. వంగి పెట్రోలు ట్యాపు తిప్పింది. గేరు రాడ్డుని లోపలికి నొక్కి పైకి మెలితిప్పింది. అదే కిక్కు రాడ్డయి నిలబడింది. ఒక్క తన్ను. నీలం పొగ చీఫ్ గెస్టు కుర్చీ దాకా కమ్మేసింది.

నవ్వులు ఆగిపోయాయి. చిలకమ్మ చెయ్యి చాపి మొగుడి భుజం మీద తువ్వాలు లాగి మొహానికి చుట్టుకుంది. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఎనకెక్కు మావా."

టిఫిన్ సంచీ రజని చేతిలోంచి జారిపోయింది.

మేనేజరు దగ్గుతూ లేచి నిలబడ్డాడు. "ఏయ్ పోలయ్యా! అయితే ఆ రోజు పోలీసులకి అబద్ధం చెప్పావా?"

వెనక సీటు మీద సర్దుకు కూర్చుని, పొద్దుట్నుంచి మొదటిసారి నవ్వాడు పోలయ్య.

"అబద్ధమేటి బాబూ? బండెవుడిదని అడిగినారు, నాదేనన్నాను. నడిపిందెవులని ఒక్కడైనా అడిగినాడేటి?"