తల్లి వేషం

నాటకంలో తల్లి వేషానికి మనిషి దొరకలేదు.

సింగపూర్‌లో తెలుగు తల్లులు లేరని కాదు. వస్తారు. ఆవకాయ జాడీలు దించుతారు. మనవల్ని నాలుగు రోజులు ఎత్తుకుని, వీసా గడువు దగ్గరపడగానే కళ్ళు ఒత్తుకుంటూ ఎయిర్‌పోర్టు అద్దాల వెనక్కి వెళ్ళిపోతారు. ఈ వేషం కట్టాల్సిన, తోటి నటుడు మహీధర్ వాళ్ళమ్మ కూడా అలాగే వెళ్ళిపోయింది.

డైరెక్టర్ గోపీకృష్ణ తల పట్టుకున్నాడు. వన్-నార్త్ టెక్ పార్కులో ఉద్యోగం ఆయనకి పొట్టకూటికే. ప్రాణమంతా నాటకం మీదే.

రిహార్సల్ హౌగాంగ్‌లో, అభిజిత్ ఫ్లాట్‌లో. హీరో వేషం అభిజిత్‌దే. నటన రాదు కానీ, వాళ్ళింట్లో పకోడీలు బాగుంటాయి.

అప్పుడే పకోడీల పళ్ళెంతో వచ్చింది ఆ ఇంట్లో పనిచేసే నూకాలమ్మ. యాభై కూడా నిండలేదు. కష్టం మాత్రం ముందుగానే వచ్చి ముఖం మీద ముడతలు పెట్టింది.

"మేకప్ ఖర్చు కూడా మిగిలింది!" అన్నాడు గోపీకృష్ణ. "ఎక్కడ దొరికిందయ్యా ఈవిడ?"

"ఏజెన్సీ, సార్" అన్నాడు అభిజిత్. "పాపం, ఆవిడకి ఇవన్నీ ఏం తెలుసు? వదిలేయండి."

గోపీకృష్ణ వదల్లేదు. కథ చెప్పడం మొదలుపెట్టాడు.

"విను నూకాలమ్మా. జార్జియా దేశంలో ఓ పిల్లాడు. పర్షియా సైన్యం ఎత్తుకుపోయింది. పేరు మార్చారు, మతం మార్చారు, పట్టుబట్టలు తొడిగారు. పెద్దయ్యాక అక్కడి రాజు షా కొలువులో ఖాన్‌గారైపోయాడు. ఓ రోజు వాడి తల్లి వెతుక్కుంటూ రాజధాని ఇస్ఫహాన్ వచ్చింది. నిండు దర్బారులో షా అడుగుతాడు, ఈవిడ నీకేమవుతుందని. వీడు తెలియదనాలి. నువ్వు ఏడుస్తూ వెళ్ళిపోవాలి. అంతే."

"కన్నతల్లిని తెలీదంతాడా బాబూ?"

"అనకపోతే పదవి ఊడుతుంది. షా గులాముకి షా తప్ప వేరే చుట్టం ఉండకూడదు. రూలు."

"మన మెయిడ్ రూల్లాగే!" అన్నాడు షా వేషం కట్టిన మహీధర్. "ఓనరుకి చుట్టమైతే వర్క్ పర్మిట్ కేన్సిల్!"

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా అభిజిత్ నవ్వాడు.

రిహార్సల్‌లో అతను కత్తి దూస్తే కూరగాయలు తరిగినట్టుంది. షాకి సలాం చేస్తే లిఫ్ట్ బటన్ నొక్కినట్టుంది. కానీ "ఈవిడెవరో నాకు తెలియదు ప్రభూ" అన్న ఒక్క మాట మాత్రం ఎంత సహజంగా అన్నాడంటే, గోపీకృష్ణ కుర్చీలోంచి లేచాడు.

"ఇది ఎక్కడ ప్రాక్టీస్ చేశావయ్యా!"

నూకాలమ్మకి నాటకం గొడవ కన్నా పర్మిట్ దిగులు ఎక్కువ. రెన్యూవల్ దగ్గరికొచ్చింది. రాకపోతే పెట్టె సర్దుకోవాలి. తన పక్కలో పడుకుంటే తప్ప నిద్రపోని అభిజిత్ కూతురు చిన్నారి అక్షరని వదిలి వెళ్ళడం తలుచుకుంటే ముద్ద దిగడం లేదు. ఊళ్ళో తన కోసం కాచుకున్నది తాళం కప్ప ఒక్కటే.

నాటకం రోజు రానే వచ్చింది. ముఖ్య అతిథి పర్మిట్ల ఆఫీసులో పెద్ద అధికారి, ఇక్కడే పుట్టిన తమిళాయన. ఆయన హాల్లోకి అడుగుపెట్టగానే రాఫెల్స్ ప్లేస్ బ్యాంకుల్లో నిటారుగా తిరిగే నడుములన్నీ ఒక్కసారి వంగాయి. ఎవరి కాగితం ఎప్పుడు ఆయన బల్ల మీదికి వెళ్తుందో ఎవరికి తెలుసు? పర్షియా దర్బారు స్టేజీ మీద కన్నా కిందే బాగా కుదిరింది.

తెర లేచింది. అట్ట కిరీటం సర్దుకుంటూ షా గర్జించాడు.

"ఖాన్! ఈ ముసలిది నీకేమవుతుంది?"

అభిజిత్ నూకాలమ్మ వైపు చూశాడు. చిరిగిన శాలువా, కాయలు కాసిన చేతులు. నోరు తెరిచాడు. పక్కనుంచి గోపీకృష్ణ "తెలియదు, తెలియదు" అని అందిస్తూనే ఉన్నాడు.

"మా అమ్మ ప్రభూ!" అన్నాడు అభిజిత్.

అని ఆమె కాళ్ళ మీద పడి భోరుమన్నాడు.

గోపీకృష్ణ నుదురు కొట్టుకున్నాడు. ముందు వరసలో అధికారి ముందుకు వంగాడు. ఆయనకి తెలుగు రాదు. కానీ ఆ మాటకి తమిళంలోనూ అదే అర్థం.

నూకాలమ్మ ముందు వరసకేసి చూసింది. చటుక్కున కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"కాదు ప్రభూ! ఈ ఖాన్‌గారెవరో నాకు తెలీదు. నా గుంటడు తప్పిపోయాడు. అప్పట్నుంచి నాకు మతి లేదు. కనిపించిన ప్రతోడూ నా కొడుకులాగే అగుపిస్తాడు. ఈ బాబుది జాలిగుండె, అందుకే అలాగన్నాడు. నన్నొగ్గెయ్యండి, ఎల్లిపోతాను."

శాలువా కప్పుకుని, వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయింది.

చప్పట్లతో హాలు అదిరింది. "రాసినదానికన్నా బాగుంది!" అని గోపీకృష్ణ ఆ మార్పు తనే చేసినట్టు అందరికీ దణ్ణాలు పెట్టాడు. అక్షర పరుగెత్తుకొచ్చి నూకాలమ్మ నడుముకి చుట్టుకుంది.

"ఆంటీ, యూ సో గుడ్ లా!" అంది సింగపూర్ యాసలో.

అధికారి స్టేజీ మీదికొచ్చి అభిజిత్ భుజం తట్టాడు. ఇంత గొప్ప నటి మీకెక్కడ దొరికిందని ఇంగ్లీషులో అడిగాడు.

"ఏజెన్సీ, సార్" అన్నాడు అభిజిత్. ఈసారి సలాం అద్భుతంగా కుదిరింది.

ఇంటికెళ్ళే రైల్లో, అక్షర ఒళ్ళో నిద్రపోయాక, చుట్టుపక్కల తెలుగు ముఖం ఒక్కటీ లేదని రూఢి చేసుకుని, నూకాలమ్మ తన కడుపున పుట్టిన కొడుకు చెవి మెలిపెట్టి, "మళ్ళీ స్టేజీ మీద నిజం చెప్పావంటే చెంప పగిలిపోద్దిరా అభీ!" అంది.